ఒకే కొలత బోల్టు

పోయిన నెల గంజి ఖాతా గురించి రాసిన ముచ్చటకు చాలామంది ఫోన్ చేసి మాట్లాడారు, సంతోషం. ఈసారి ఒక ఆట గురించి రాస్తున్న. ఆ ఆట అమెరికాలో పెరిగింది. మన పేటల్లో దాని పేరు విన్నోళ్లు కూడా తక్కువే. మరి ఎందుకు రాస్తున్నవు అంటే, ఒకప్పుడు పెద్ద కంపెనీలు, టీవీలు నెత్తిన పెట్టుకున్న ఆట అది. కొన్నేళ్లకు వాళ్లంతా చేతులు దులుపుకొని పోయారు. ఇగ ఆట చచ్చినట్టే అన్నారు. చావలేదు. ఎందుకు చావలేదో తెలిసినంక నాకు రెండు రోజులు అదే ఆలోచన. మూతపడ్డ మిల్లులోంచి బయటికి నడిచొచ్చిన మనలాంటోళ్లకు అందులో పనికొచ్చే మాట ఒకటుంది.

ఆట పేరు అగ్రెసివ్ ఇన్‌లైన్ స్కేటింగ్. ఇన్‌లైన్ అంటే చక్రాలన్నీ ఒకే వరుసలో ఉండే బూట్లు. చక్రాల బూట్లు మనకు కొత్త కాదు. మన ఊళ్లల్ల పిల్లలు నెత్తికి టోపీ పెట్టుకొని రింగులో గుండ్రంగా ఉరికేది స్పీడ్ స్కేటింగ్. హైదరాబాద్‌కు చెందిన అనూప్ కుమార్ యామా చేసేది ఆర్టిస్టిక్, అంటే పాటకు తగ్గట్టు నాట్యం లెక్క. 2010లో చైనాలోని గ్వాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో ఆయన కంచు పతకాలు తెచ్చాడు, 2015లో అర్జున అవార్డు వచ్చింది. నేను చెప్పే ఆట ఈ రెండూ కాదు, మూడో రకం. దీనికి రింగు అక్కర లేదు. మెట్లు, మెట్ల పక్కన ఇనుప రెయిలింగు, అరుగు అంచు, వాలు గోడ ఉంటే చాలు. లేకపోతే పైపును సగానికి చీల్చినట్టు వంగి ఉండే చెక్క ర్యాంపు కట్టుకుంటరు. ఉరుక్కుంట వచ్చి, ఎగిరి, రెయిలింగు మీద కాళ్లు ఆనించి, కిందిదాకా జారి, మళ్లీ నేల మీద దిగి పోతనే ఉంటరు. అగ్రెసివ్ అంటే మీదపడే స్వభావం అని అర్థం. నిజానికి వీళ్లు ఎవరి మీదా పడరు. పడితే నేల మీదే. ఆడేటోళ్లు కూడా ఆ పేరు పెద్దగా వాడరు, ఉత్త 'బ్లేడింగ్' అంటరు.

నా పెద్ద మనవడు ఫోన్లో చూస్తుంటే పక్కన కూసోని నేనూ చూసిన. "ఆ చక్రంలో బేరింగు ఏం సైజురా?" అని అడిగిన. వాడు నవ్విండు. "తాతా, అందరూ దెబ్బ తగుల్తదా అని అడుగుతరు, నువ్వు బేరింగు అడుగుతున్నవ్" అన్నడు. రింగ్ ఖాతాలో 24 ఏళ్లు నిలబడ్డోడు ఇంకేం అడుగుతడు? వాడు వెతికి చదివి చెప్పుకుంట పోయిండు, నేను తవ్వి తవ్వి అడుగుకుంట పోయిన.

బూటు సంగతి

బేరింగు నంబరు 608. లోపలి రంధ్రం 8 మిల్లీమీటర్లు, బయటి చుట్టు 22, మందం 7. చక్రానికి రెండు బేరింగులు, బూటుకు నాలుగు చక్రాలు. అంటే జతకు 16 బేరింగులు. చక్రం పాలీయూరిథేన్‌తో చేస్తరు. దాని గట్టితనాన్ని షోర్ 'ఏ' అనే కొలతలో రాస్తరు. ఈ మాట వినంగనే నాకు కాట్స్ యాదికొచ్చినయి. రింగ్ ఫ్రేము మీద చేసినోళ్లకు చెప్పే పని లేదు. పిల్లల కోసం చెప్తా. ఫ్రేములో పై రోలరుకు తొడిగే రబ్బరు తొడుగును కాట్ అంటరు. దాని గట్టితనం కూడా అదే షోర్ 'ఏ' కొలత. మెత్తటి కాట్ పోగును బాగా పట్టుకుంటది గానీ తొందరగా గాడి పడుతది. గట్టి కాట్ ఎక్కువ రోజులు మన్నుతది గానీ పట్టు తక్కువ. చక్రం గుణం కూడా అంతే. రోడ్డు మీద దూరం పోయే స్కేట్లకు 80 మిల్లీమీటర్లు, అంతకంటే పెద్ద చక్రాలు ఉంటయి. ఈ ఆటకు 55, 60 దగ్గరి చిన్న చక్రాలు, కొలతలో 88, 90, ఆపైన ఉండే గట్టివి వాడుతరు. చిన్న చక్రమయితే కాలు నేలకు దగ్గరుంటది, ఎత్తు నుంచి దిగినప్పుడు మడమ తొణకదు. స్పీడు కొంత పోతది. ఒకటి కావాలంటే ఒకటి వదులుకోవాలె, మిషను ఏదైనా లెక్క ఇదే.

నడుమ ఉన్న రెండు చక్రాల మధ్య కొంచెం ఖాళీ వదిలి గాడి పెడతరు. రెయిలింగు ఆ గాడిలో కూసుంటది. కొందరు నడిమి రెండు చక్రాలు తీసేసి, వాటి జాగాలో నేలకు తగలని చిన్న గట్టి చక్రాలు వేసుకుంటరు. బూటు అడుగున బయటి అంచుకు వెడల్పాటి ప్లాస్టిక్ పలక ఉంటది, దాన్ని సోల్ ప్లేట్ అంటరు. అది కూడా జారడానికే. అరుగు అంచు గరుకుగా ఉంటే మైనం రుద్దుతరు. మన సైజింగ్ ఖాతాలో గంజిలోకి మైనం ఎందుకు పోస్తరో ఇక్కడా అందుకే, రాపిడి తగ్గాలె. మన దగ్గర రాపిడి ఎక్కువైతే పోగు తెగుతది, వాళ్ల దగ్గర మనిషి ముందుకు బోర్లా పడతడు.

రెయిలు మీద జారే జారుడును గ్రైండ్ అంటరు. కాళ్లు పెట్టే తీరును బట్టి ఒక్కోదానికి ఒక్కో పేరు. రెండు బూట్ల గాడులనూ రెయిలు మీద అడ్డంగా పెట్టి జారితే ఫ్రంట్‌సైడ్. ఒక కాలు సోల్ ప్లేటు మీద, రెండో కాలు గాడి మీద ఉంటే సోల్. ఒక్క కాలి మీదే జారుకుంట, రెండో కాలిని గాల్లోకి లేపితే మాకియో. ఇట్లాంటివి పదులకొద్దీ ఉన్నయి. ఒక మనిషికి ఒక పక్క నుంచి చేసుడు అలవాటైతది. అదే పనిని రెండో పక్క నుంచి చేస్తే స్విచ్ అంటరు, దానికి విలువ ఎక్కువ. కుడి చేత్తో అతుకు వేసేటోణ్ని ఎడమ చేత్తో వెయ్యమంటే ఎట్లుంటదో ఊహించుకోండి. ఎంత ఎత్తు నుంచి దూకినవు అనేదొక్కటే వాళ్లు చూడరు. ఎంత నిమ్మళంగా దిగినవు, చేతులు కొట్టుకున్నవా, మోకాలు వంగిందా, అదంతా చూస్తరు. పని తెలిసినోడి పనిని పని తెలిసినోడే తూకం వేస్తడు.

ఎక్కడ మొదలైంది

చక్రాలు వరుసలో పెట్టే ఆలోచన పాతదే. 1819లోనే ఫ్రాన్సులో ఒకాయన దానికి పేటెంటు తీసుకున్నాడు. కానీ ఆ బూటుతో మలుపు తిరగడం కష్టమైంది. 1863లో అమెరికాలో జేమ్స్ ప్లింప్టన్ అనే ఆయన ముందు రెండు, వెనక రెండు చక్రాలు పెట్టి, ఒంగితే తిరిగే బూటు చేశాడు. నూరేళ్లకు పైగా అదే నడిచింది.

1980లో అమెరికాలో మినియాపొలిస్ నగరంలో స్కాట్ ఓల్సన్, బ్రెనన్ ఓల్సన్ అనే అన్నదమ్ములు పాత వరుస చక్రాల బూటుకు మళ్లీ ప్రాణం పోశారు. వాళ్లు ఐస్ హాకీ ఆడేటోళ్లు. చలికాలంలో మంచు మీద ఆడుతరు, ఎండాకాలంలో మంచు ఉండదు కాబట్టి ప్రాక్టీసు ఉండదు. ఆ కొరత తీర్చుకునేందుకు చేసుకున్న బూటు ఇది. దాని నుంచి రోలర్‌బ్లేడ్ అనే కంపెనీ వచ్చింది. మనోళ్లు వనస్పతి అనకుండా డాల్డా అన్నట్టు, అక్కడ జనం ఏ కంపెనీ బూటునైనా రోలర్‌బ్లేడే అన్నారు. తర్వాత ఆ కంపెనీ వేరేవాళ్ల చేతికి, 1990లలో ఇటలీ బెనెట్టన్ చేతికి పోయింది. అవును, స్వెట్టర్లు అల్లి అమ్మే ఆ బెనెట్టనే. 2003లో అక్కడి టెక్నికా కంపెనీకి అమ్మేశారు.

కంపెనీలు బూట్లు చేసింది రోడ్డు పక్కన హాయిగా తిరిగేటోళ్ల కోసం. పిల్లలు వాటితో మెట్లు ఎక్కారు. స్కేట్‌బోర్డు పిల్లలు రెయిలింగు మీద జారుతుంటే చూసి, మేమెందుకు జారొద్దు అనుకున్నారు. మడమ దగ్గరి బ్రేకు ఊడదీశారు. నడిమి చక్రాలు తీసేశారు. చక్రాల చట్రానికి పలకలు బిగించారు. ఇంట్లో రంపం, డ్రిల్లు పట్టుకొని బూటును తమ పనికి తగ్గట్టు కోసుకున్నారు. అది చూసినంకనే కంపెనీలు మేలుకొని, ఈ ఆటకే వేరే బూట్లు చేసినయి. ఇటలీ రోసెస్ కంపెనీ తెచ్చిన మెజెస్టిక్ 12 అట్లాంటిదే. మిల్లుల్లో కూడా ఇంతే కదా. మిషను గీసేది ఇంజినీరు, అది ఎక్కడ పట్టేస్తదో తెలిసేది దాని ముందు నిలబడేటోనికి.

వాళ్ల లోకం

ఆట చుట్టూ ఒక చిన్న లోకం తయారైంది. 1993లో ఆంజీ వాల్టన్ అనే ఆమె ఈ ఆటకని ఒక పత్రిక మొదలుపెట్టింది. దాని పేరు డైలీ బ్రెడ్, అంటే రోజు కూడు. కూటి కోసం కోటి విద్యలు అంటం గదా, అందులో ఇదొకటి అనుకోండి. ఇంటర్నెట్ లేని రోజులు. ఒక ఊళ్లో ఒకడు కొత్త గ్రైండ్ చేస్తే, ఇంకో ఊళ్లో పిల్లలకు తెలిసేది ఆ పత్రికలో ఫోటో చూసి, లేకపోతే వీడియో క్యాసెట్టు చూసి. 1994లో వచ్చిన 'ది హోక్స్' అనే క్యాసెట్టు పేరు ఇప్పటికీ చెప్పుకుంటరు. క్యాసెట్టును ఆపి, వెనక్కు తిప్పి, కాలు ఎక్కడ పెట్టిండో చూసి నేర్చుకున్నారు. అర్లో ఐసెన్‌బర్గ్, న్యూజిలాండ్‌కు చెందిన బ్రూక్ హవార్డ్-స్మిత్, ఇంకొందరు ఆటగాళ్లు కలిసి 1994లో సెనేట్ అనే సొంత కంపెనీ పెట్టారు. చక్రాలు, బట్టలు అమ్మారు. ఆటగాడే యజమాని అయిన మొదటి రోజులు అవి.

అన్నీ మంచివే అని చెప్పను. ఆ సెనేట్ బట్టల లేబుళ్ల మీద అమ్మాయిలను కించపరిచే మాట ఒకటి కుట్టారు. దాని మీద పెద్ద గొడవ అయింది, కావలసిందే. బట్ట మీద కుట్టే లేబులు చిన్నదే. కానీ ఆ బట్ట ఎవరో ఆడమనిషి కుట్టి ఉండొచ్చు, ఎవరో తల్లి ఉతికి ఉండొచ్చు. కుర్రతనం ధైర్యం వేరు, నోటి దురుసు వేరు.

ఆ మాటకు జవాబు ఆట మీదే వచ్చింది. బ్రెజిల్‌లోని సావో పౌలో నుంచి ఫాబియోలా ద సిల్వా అనే పిల్ల వచ్చింది. 1996లో ఎక్స్ గేమ్స్‌లో ర్యాంపు మీద ఆడవాళ్ల బంగారు పతకం తీసుకుంది, తర్వాతి ఏళ్లల్ల మళ్లీ మళ్లీ తీసుకుంది. చివరికి పోటీలు పెట్టేటోళ్లు రూలే మార్చవలసి వచ్చింది, ఆడవాళ్లు కూడా మగవాళ్ల ఫైనల్‌కు పోటీపడొచ్చు అని. ఆ రూలుకు ఆమె పేరే నిలిచింది, ఫాబియోలా రూల్ అంటరు. ర్యాంపు మీద గాల్లో వెనక్కి రెండు పల్టీలు కొట్టి దిగిన మొదటి ఆడమనిషి కూడా ఆమే.

టీవీ వచ్చింది, పోయింది

ఎక్స్ గేమ్స్ అన్న కదా, అది అమెరికాలోని ఈఎస్‌పీఎన్ టీవీ వాళ్లు పెట్టిన పోటీ. 1995లో రోడ్ ఐలండ్ రాష్ట్రంలోని న్యూపోర్టులో మొదలైంది. మొదటి ఏడు నుంచే ఈ ఆట అందులో ఉంది. 1996లో వీధి పోటీలో ఐసెన్‌బర్గ్ గెలిచాడు, 1997లో ఆరన్ ఫైన్‌బర్గ్ అనే కుర్రాడు గెలిచాడు. జపాన్ నుంచి ఎయితో యాసుతోకో, తకేషి యాసుతోకో అనే అన్నదమ్ములు వచ్చి ర్యాంపు మీద ఇద్దరూ బంగారు పతకాలు కొట్టారు. టీవీలో కనబడితే బూట్లు అమ్ముడుపోతయి, బూట్లు అమ్ముడుపోతే ఆటగాళ్లకు జీతాలు వస్తయి. 1998లో డిస్నీ టీవీ వాళ్లు 'బ్రింక్' అనే సినిమా కూడా తీశారు. అందులో హీరో కుర్రాడి తండ్రికి పనిలేక ఇంట్లో డబ్బుకు ఇబ్బంది అయితది. స్నేహితులతో సరదాకు ఆడే పిల్లవాడు డబ్బు కోసం కంపెనీ టీములో చేరుతడు. పిల్లల సినిమానే గానీ, అందులోని చిక్కు మన ఇండ్లల్ల చిక్కే.

తర్వాత గాలి మళ్లింది. 1990లు అయిపోవస్తుంటే అమెరికాలో ఈ బూట్ల అమ్మకం తగ్గుముఖం పట్టింది. రోడ్డు మీద సరదాకు తిరిగే జనం వేరే సరదాలకు పోయారు. స్కేట్‌బోర్డు పిల్లలు ఈ ఆటగాళ్లను ఎగతాళి చేశారు, ఆడంగి ఆట అన్నారు. టీవీ వాళ్లకు స్కేట్‌బోర్డు, సైకిలు, మోటారు సైకిలు ముద్దొచ్చినయి. 2004 తర్వాత ఎక్స్ గేమ్స్‌లోంచి ఈ ఆటను తీసేశారు. ఫ్రాన్సుకు చెందిన సలొమొన్ అనే పెద్ద కంపెనీ, మంచి బూట్లు చేసిందే, ఈ పని వదిలేసి పోయింది. ఏరు దాటినంక తెప్ప తగలేసినట్టు అయింది. స్కేట్‌బోర్డు మాత్రం టోక్యో ఒలింపిక్స్ దాకా పోయింది. దీనికి ఆ భాగ్యం దొరకలేదు.

మా మిల్లు భోంగా ఆగిపోయింది కూడా ఇంచుమించు ఆ రోజుల్లోనే. అందుకే ఈ సంగతి నాకు ఎక్కడో తగిలింది. నిన్నటిదాకా నీ పనికి విలువ ఉంది, తెల్లారేసరికి లేదు. నీ చేతిలో పనితనం అంతే ఉంది. కొనేటోడు మాత్రం మొహం తిప్పుకున్నడు.

బోల్టు సంగతి

మరి ఆట ఎట్ల బతికింది? ప్రేమ, పట్టుదల అని చెప్పొచ్చు. ఉన్నయి కూడా. కానీ మాకు కూడా మిల్లు మీద ప్రేమ తక్కువ లేకుండే. ప్రేమ ఒక్కటే చాలదు. వాళ్ల దగ్గర ఇంకొకటి ఉండె. ఒకే కొలత బోల్టు.

మొదట్లో ఒక్కో కంపెనీ బూటుకు చక్రాల చట్రం ఒక్కో తీరుగా బిగించేది. ఈ బూటుకు ఆ చట్రం పట్టదు. చట్రం విరిగితే అదే కంపెనీ దగ్గరికి పోవాలె. 2000 ప్రాంతంలో ఈ ఆట కంపెనీలు ఒక మాట మీదికి వచ్చినయి. బూటు అడుగున బోల్టు రంధ్రాలు ముందు ఎక్కడ, వెనక ఎక్కడ ఉండాలె అనేది అందరికీ ఒకే కొలత. దాన్ని యూనివర్సల్ ఫ్రేమ్ సిస్టమ్ అంటరు. అంటే అందరికీ పట్టే చట్రం. ఇగ బూటు ఒకరిది, చట్రం ఇంకొకరిది, చక్రాలు మూడోవాళ్లవి, బేరింగు ఎవరిదైనా. రెండు బోల్టులు తిప్పితే సరి.

పెద్ద కంపెనీలు పోయినప్పుడు దీని విలువ తెలిసింది. పూర్తి బూటు అచ్చు పోయాలంటే మస్తు పెట్టుబడి. ఒక కుర్రాడి వల్ల కాదు. కానీ చక్రాలు ఒక్కటే చేసి అమ్మొచ్చు. చట్రం ఒక్కటే చేసి అమ్మొచ్చు. ఎందుకంటే ఆయన చేసింది అందరి బూట్లకూ పడుతది. అట్లా ఆటగాళ్లే ఒక్కొక్కరు ఒక్కో ముక్క పట్టుకున్నారు. జాన్ జూలియో అనే ఆటగాడు వాలో అనే బూటు తెచ్చాడు, తర్వాత దెమ్ అనే కంపెనీ పెట్టాడు. కాలిఫోర్నియాలోని శాంటా ఆనాలో బ్లేడింగ్ కప్ అనే పోటీ కూడా ఆయనే నడిపాడు. నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్‌లో వింటర్‌క్లాష్ అనే పోటీకి దేశదేశాల నుంచి జనం వస్తరు. ప్రపంచ స్కేటింగ్ సంస్థ తన పోటీల్లో రోలర్ ఫ్రీస్టైల్ అనే పేరుతో దీనికి చోటు ఇచ్చింది. మునుపటి డబ్బు లేదు. చాలామంది పగలు ఏదో ఒక పని చేసుకొని, సెలవు రోజు ఆడుకుంటరు. కానీ బూటు దొరుకుతది, విరిగిన ముక్కకు ముక్క దొరుకుతది, కొత్త పిల్లవానికి నేర్పేటోడు దొరుకుతడు. ఆట బతకడానికి అంతకంటే ఏం కావాలె?

మా మిల్లు చివరి రోజులు చెప్తా. మూడు కంపెనీల ఫ్రేములు ఉండె. ఒకదాని స్పిండిలు ఇంకోదానికి పట్టదు, ఒకదాని గేరు ఇంకోదానికి కూసోదు. ఒక మోడలు చెయ్యడం ఆపేశామని కంపెనీ చెప్తే, ఆ ఫ్రేముకు సామాను ఇగ రాదు. మేమేం చేసినం? ఒక ఫ్రేమును కోసి ఇంకో ఫ్రేముకు పెట్టి నడిపినం. పది ఫ్రేములు ఎనిమిదయినయి. ఎనిమిది అయిదయినయి. జాబరు మొహం చూస్తే ఇంట్లో మనిషి మంచాన పడ్డట్టు ఉండేది. పనితనం మా దగ్గరే ఉండె, మిషను లోపలి సంగతి మాకే తెలుసు, కానీ ఆ ముక్క మేము బయట చేయించుకున్నా ఒక్క మిషనుకే పనికొస్తది. ఒక్క మిషను కోసం ఏ లేతు దుకాణమోడు అచ్చు పోస్తడు? కొలత మాది కాదు, కంపెనీది. అసలు ఉరి అక్కడ ఉండె. మిల్లు మూతపడటానికి ఇదొక్కటే కారణం అనను. మార్కెట్టు ఉంది, అప్పులు ఉన్నయి, యాజమాన్యం ఉంది. కానీ బతికించుకునే దారి మన చేతిలో లేకుండా చేసింది మాత్రం ఆ కలవని కొలతలే.

మన పేటలో

ఇప్పుడు మన దగ్గరికి వస్త. మా సమాజ హాలు మెట్ల మీద సాయంత్రం పూట నలుగురైదుగురు పిల్లలు స్కేట్లతో దూకుతున్నరు. అరుగు అంచుకు మైనం రుద్దిండ్రు, నల్లగ అయింది. మీటింగులో పెద్దలు మండిపడ్డరు. గేటుకు తాళం వెయ్యాలె అని ఒకాయన, స్కేట్లు గుంజుకోవాలె అని ఇంకొకాయన. నేను నాకు తోచింది చెప్పిన, అదే ఇక్కడ రాస్తున్న.

పిల్లలకు మొదటి మాట. మన బజార్లో దొరికే మామూలు స్కేట్లు రెయిలింగు కోసం చేసినవి కావు. వాటికి నడుమ గాడి లేదు, అడుగున పలక లేదు. చట్రం పల్చన. రెయిలు మీద వేస్తే చట్రం వంకరపోతది, లేకపోతే విరుగుతది. ఆ బూట్లతో చదును నేల మీద ఉరుకుడు, ఆగుడు, వెనక్కి నడుచుడు, చిన్న అంచు దూకుడు నేర్చుకోండి. మొదలు అదే. నెత్తికి హెల్మెట్టు, మోకాళ్లకు, మణికట్లకు కట్లు లేకుండా దిగొద్దు. ఫోన్లో హెల్మెట్టు లేకుండా ఆడేటోళ్లు కనబడతరు. వాళ్ల నెత్తి వాళ్లది. మీ నెత్తి కోసం మీ అమ్మ బీడీలు చుట్టి కూడబెట్టిన పైసలు దవాఖానలో పొయ్యవలసి వస్తది.

రెండో మాట. హాలు మెట్ల రెయిలింగు ముసలోళ్లు పట్టుకునేందుకు ఉంది. మైనం రుద్దిన రెయిలు పట్టుకుంటే నాలాంటోని చెయ్యి జారుతది. గుడి, హాలు, దవాఖాన మెట్లు వదిలెయ్యండి.

పెద్దలకు మూడో మాట. తాళం వేస్తే పిల్లలు రోడ్డెక్కుతరు, అక్కడ ట్రక్కులు తిరుగుతయి. హాలు వెనక ఖాళీ జాగాలో ఒక మూల సిమెంటు పోసి చదును చేయిస్తే, దానికి ఒక పక్క చిన్న అరుగు, మోకాలెత్తు ఇనుప పైపు ఒకటి పాతితే చాలు. వెల్డింగు చేసేటోళ్లు మన పేటలో ఎంతమంది లేరు? పైపు పాతే పని ఆ పిల్లలతోనే చేయిద్దాం. చేతులు కాయలు కాసినోడు తను పాతిన పైపును పాడు చెయ్యడు. ఆడపిల్లలకు కూడా ఒక పూట అని ముందే రాసి పెడదాం. లేకపోతే జాగా అంతా మగపిల్లలదే అయితది, మన సంగతి మనకు తెల్వదా?

చివరగా, కార్ఖానాలు పెట్టుకునే పడుచోళ్లకు ఒక మాట. మీలో నలుగురు టవళ్లు నేస్తున్నరు, ఇద్దరు కుట్టు మిషన్లు పెట్టుకున్నరు, ఇంకొకరు సాంచాల సామాను చేస్తున్నరు. ఎవరి కొలత వాళ్లు దాచుకుంటే నలుగురూ ఒకరి తర్వాత ఒకరు ఆగిపోతరు. ఏ ముక్క ఎవరు చేసినా అందరికీ పట్టేటట్టు ముందుగా ఒక కొలత మీద ఒప్పుకోండి. లాభంలో పోటీ పడండి, బోల్టులో పోటీ పడకండి. పెద్ద కొనుగోలుదారుడు రేపు మొహం తిప్పుకుంటే, అప్పుడు ఒకరికొకరు పనికొస్తరు.

సిమెంటు మూల గురించి మీ పేటల్లో ఏమనుకుంటున్నరో రాసి పంపండి. ఎక్కడన్నా ఇప్పటికే కట్టి ఉంటే, పైపు ఎంత ఎత్తు పెట్టిండ్రో కూడా రాయండి. కొలత అందరికీ ఒకటే ఉంటే మంచిది.